గాజుగొట్టము, గాలిపటము: బెంజమిన్ ఫ్రాంక్లిన్ చరిత్రము

వానలు అరుదైన అనంతపురపు మెట్టసీమలో చలికాలపు రాత్రి చీకటియింట ఉన్నికంబళిని దులిపినచో చిటపటమని చిన్న రవ్వలు మెఱయుట అందఱెఱిగినదే. గాలి పొడిగా నుండుటచే, ఒరపిడివలన కంబళిపై బుట్టిన విద్యుత్తు పోవు దారిలేక అచ్చటనే నిలుచును. ఆ రవ్వయు మేఘమునందలి పిడుగును ఒకే జాతివని నిరూపించు మార్గమును లోకమునకు జూపిన మహనీయుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆతనికి ఆ విద్య ఒక గ్రంథాలయము మూలముననే లభించెను. కావున గ్రంథాలయ రజతోత్సవ సమయమున ఆతని చరిత్రము స్మరణీయము.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున జన్మించెను. తండ్రి సబ్బులు, కొవ్వువత్తులు చేసి యమ్ముకొను సామాన్యుడు. పదునేడుగురు బిడ్డలలో ఇతడు పదునైదవవాడు. రెండేండ్లకే బడిచదువు ముగిసెను. పండ్రెండవ యేట అన్నగారి అచ్చుకూటమున పనికి గుదిరి, ఎరవు దెచ్చిన పుస్తకములను రాత్రులందు జదివి, తెల్లవాఱగనే తిరిగి యిచ్చుచుండెను. పదునేడవ యేట ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా చేరి, క్రమముగా స్వంత ముద్రణాలయమునకు అధిపతి యయ్యెను.

ఒక్కని సంపాదనతో గ్రంథములన్నియు కొనుట దుస్సాధ్యమని యెఱింగి, 1731లో ఏబదిమంది చందాదారులను గూర్చి, తలకు నలువది షిల్లింగులు వసూలుచేసి గ్రంథాలయమును నెలకొల్పెను. లండనులోని వస్త్రవర్తకుడు పీటర్ కాలిన్సన్ ఆ గ్రంథాలయమునకు పుస్తకములు కొని పంపుచుండెడివాడు. 1745-46 ప్రాంతమున పుస్తకములతో పాటు, రుద్ది విద్యుత్తును బుట్టించు గాజుగొట్టము నొకదానిని పంపెను. నలువదేండ్ల ఫ్రాంక్లిన్ దానితో పరిశోధన మారంభించెను.

లోహములు, తడినేల, మనుష్యదేహము విద్యుత్తును సాగనిచ్చుననియు, పొడిపట్టు, మైనము, గాజు అడ్డగించుననియు అంతకుమునుపే స్టీఫెన్ గ్రే అను నాంగ్లేయుని పరీక్షలవలన తెలియవచ్చెను. ఫ్రాంక్లిన్ ఇద్దఱిని మైనముపై నిలిపి, ఒకనిచే గొట్టమును రుద్దించి, రెండవవానిచే ఆ గొట్టమునుండి విద్యుత్తును గ్రహింపజేసెను. నేలపై నిలిచినవాడు వారిలో ఎవ్వని తాకబోయినను రవ్వ పుట్టెను. వారిరువురు ఒకరినొకరు తాకినప్పుడు మఱింత పెద్ద రవ్వ పుట్టి, పిదప ఇరువురియందును ఏమియు మిగులలేదు. ఒరపిడి విద్యుత్తును క్రొత్తగా సృజింపదు. ఒకచోట తఱిగినంత మఱియొకచోట చేరునని దీనివలన గ్రహించి, 1747లో ధన ఋణ సంకేతములను ఏర్పఱచెను. జమాఖర్చు దెలిసినవారికి ఇది సుబోధము.

ఈ సాధన నిరపాయమైనది కాదు. 1750లో జాడీలలో నిలిపిన విద్యుత్తుతో టర్కీకోడిని చంపబోయి, ఏమఱుపాటున తానే స్మృతి తప్పెను. 1752 మే నెలలో ఫ్రాన్సుదేశీయులు ఆతడు వ్రాసిన విధముననే ఇనుపకడ్డీ నిలిపి మేఘవిద్యుత్తును రాబట్టిరి. ఆ వార్త చేరకమునుపే, జూన్ నెలలో ఆతడు పట్టుగుడ్డ గాలిపటము నెగురవేసెను. వానకు దడిసిన జనుపదారము విద్యుత్తును దింపెను. చేత బట్టిన పొడి పట్టునాడా దానిని నిలిపెను. దారమునకు గట్టిన తాళపుచెవికడ వ్రేలికణుపు చేర్పగా రవ్వ వెడలెను. గాలిపటముపై పిడుగే పడియున్నచో ఆతడు బ్రతికియుండడు. మఱుసటి యేడు రష్యాలో రిచ్‌మన్ అను పండితుడు ఇట్టి పరీక్షలోనే ప్రాణము గోల్పోయెను.

ఇంటికప్పుపై మొనగల లోహపుకడ్డీ నిలిపి, తీగెతో తడినేలకు జేర్చినచో పిడుగు గోడలను జీల్చక భూమిలోనికి బోవునని ఫ్రాంక్లిన్ ప్రకటించెను. ఆ యుపాయముపై హక్కు గోరక, రుసుము పుచ్చుకొనక లోకమున కర్పించెను. 1790 ఏప్రిల్ 17న ఎనుబదినాలుగవ యేట దివంగతుడయ్యెను.

1897లో థామ్సన్ ఎలక్ట్రానును గనుగొనుటతో ఆతని లెక్కలోని పొరపాటు బయల్పడెను. పట్టుతో రుద్దిన గాజునకు చేరినదని ఆతడు జమకట్టినది, నిజమునకు గాజునుండి వెడలిన ఎలక్ట్రానుల లోటు. పద్దుల పేర్లు తాఱుమాఱైనను మొత్తము మాత్రము నేటికిని సరిపోవుచున్నది.

మెట్టచేలలో గొఱ్ఱెలు మేపువారు ఉఱుము వినినంతనే ఒంటిచెట్టును విడిచి పక్కాయింటికి జేరవలెనను హితవు ఆ విద్యాఫలమే. గ్రంథాలయమునకు వచ్చిన గాజుగొట్టము ఇన్ని ప్రాణములకు రక్షయగునని పంపినవాడును ఊహించియుండడు. చందాదారులు తమ గ్రంథాలయమునకు జేర్చు ప్రతి పుస్తకమును అట్టిదియే కావచ్చునని తలంతురుగాక.