పరమాణువులను నమ్మినవాడు: బోల్ట్స్‌మన్

పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో పరమాణువు అనే మాట రసాయనశాస్త్ర గ్రంథాలలో ఉండేదే గాని, అది నిజంగా ఉన్నదని అంగీకరించడానికి పండితులలో పలువురు సిద్ధంగా లేరు. కంటికి కనబడని ఆ కణాలనే నమ్ముకొని, వాటి అమరికలను లెక్కగట్టి, పదార్థాల ఎంట్రోపీకి అర్థం చెప్పినవాడు లుడ్విగ్ బోల్ట్స్‌మన్.

అతడు 1844 ఫిబ్రవరి 20న వియన్నా నగరంలో జన్మించాడు. తండ్రి పన్నుల శాఖలో ఉద్యోగి. పదిహేనవ ఏటనే పితృవియోగం కలిగినా విద్యాభ్యాసం ఆగలేదు. 1866లో వియన్నా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది, 25 ఏళ్ళకే గ్రాజ్ నగరంలో ఆచార్యపదవిని అలంకరించాడు. అక్కడ హెన్రియెట్టా అనే యువతికి, స్త్రీ అయిన కారణంగా, తరగతిలో కూర్చునే అనుమతి నిరాకరించారు. పై అధికారులకు అర్జీ పెట్టుకొమ్మని బోల్ట్స్‌మన్ ఆమెను ప్రోత్సహించాడు. 1876లో ఆమెనే వివాహమాడాడు.

ఎంట్రోపీ అనే పేరు 1865లో క్లాసియస్ పెట్టినది. పదార్థం గ్రహించిన ఉష్ణాన్ని ఉష్ణోగ్రతతో భాగించి దాని మార్పును కొలవడం అప్పటికే తెలుసు. అయితే అది దేనికి కొలత? ఏ మార్పు జరిగినా విశ్వం మొత్తం మీద అది ఎందుకు తగ్గదు? అణువుల చలనంతోనే దీనిని వివరింపవచ్చునని బోల్ట్స్‌మన్ వాదించాడు. అతని ఆప్తుడైన లోష్మిట్ 1876లో ఒక చిక్కుప్రశ్న వేశాడు. అణువులన్నీ ఒక్కసారి వెనుదిరిగి వచ్చిన దారినే పోతే ఎంట్రోపీ తగ్గవలసిందే కదా!

మిత్రుని ఆక్షేపణ వృథా కాలేదు. మరుసటి ఏడే బోల్ట్స్‌మన్ సమాధానం చెప్పాడు. అలా తగ్గడం అసాధ్యం కాదు, కాని దాని సంభావ్యత లెక్కకు రానంత స్వల్పం. బయటికి ఒకే తీరుగా కనబడే స్థితిలో, లోపల అణువులు ఎన్ని విధాలుగా అమరగలవో ఆ సంఖ్యకు సంవర్గమానం తీసుకుంటే, ఎంట్రోపీ దానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఎంట్రోపీని క్రమరాహిత్యమని చెప్పడం పరిపాటి. చెప్పుకోవడానికి సులువే గాని, అమరికల లెక్క అనడమే సబబు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక మోల్ నీటి ఎంట్రోపీ కెల్విన్‌కు సుమారు 70 జౌళ్ళు, నీటి ఆవిరికి సుమారు 189. ఆవిరిలో అణువులకు తిరుగాడే చోటు ఎక్కువ, అమరే విధాలూ ఎక్కువే. పరమాణువులు గట్టి బంధాలతో బిగిసి ఉన్న వజ్రానికి అది 2.4 మాత్రమే.

పరమాణువే లేదంటే ఈ లెక్కకు పునాదే లేదు. మాఖ్, ఆస్ట్వాల్డ్ వంటి ఉద్దండులు ఆ మాటే అన్నారు. 1895లో ల్యూబెక్ సభలో ఆస్ట్వాల్డ్ వర్గంతో బోల్ట్స్‌మన్ హోరాహోరీగా వాదించాడు. అయినా వారిద్దరి స్నేహం చెడలేదు. 1900లో బోల్ట్స్‌మన్ లైప్‌జిగ్‌కు వెళ్ళి ఆస్ట్వాల్డ్ ఉన్న విశ్వవిద్యాలయంలోనే కొంతకాలం బోధించాడు.

దృష్టిమాంద్యం, ఉబ్బసం, పదే పదే కమ్ముకొనే మనోవ్యాధి అతనిని క్రుంగదీశాయి. 1906 సెప్టెంబరు 5న ట్రియెస్టె సమీపంలోని డ్యూనోలో ఆత్మహత్య చేసుకున్నాడు. ప్రతివాదులే అతని మరణానికి కారకులని కొందరు వ్రాస్తారు. చిరకాలపు వ్యాధిని మరచి అలా అనడం న్యాయం కాదు.

1908లో పెరాన్ చేసిన ప్రయోగాలు పరమాణువుల ఉనికిని నిరూపించాయి. మరుసటి ఏడు ఆస్ట్వాల్డ్ సైతం దానిని అంగీకరించాడు. వియన్నాలోని సమాధిపై ఎంట్రోపీ సూత్రాన్ని చెక్కించారు. భావం బోల్ట్స్‌మన్‌దే అయినా, సూత్రానికి ఆ రూపమిచ్చి, అతని పేరుతో ప్రసిద్ధమైన స్థిరాంకాన్ని అందులో చేర్చినవాడు మాక్స్ ప్లాంక్.