విశ్వనటచక్రవర్తి శ్రీ సామర్ల వెంకట రంగారావుగారు

మహనీయుల చరిత్రములను స్మరించుట మానవసంఘములకు అనాదిగా వచ్చుచున్న సదాచారము. ఇట్టి మహాసభలయందు పెద్దలు రాజులను, కవులను, దాతలను, సంఘసంస్కర్తలను తలచుకొనుచుందురు. ఈ సంచికకు మేము ఒక నటుని జీవితమును ఎన్నుకొంటిమి. నటుని చరిత్రము సభాసంచికకు తగునా యని శంకించువారు ఉండవచ్చును. కాని బంధువులెల్లరు ఒక్కచోట కూడిన ఈ సమయమున, బంధుత్వమనగా నేమో తెఱపై మనకు చూపిన వానిని స్మరించుటకంటె తగినపని వేఱొకటి కలదని మాకు తోచలేదు. ఆయనయే కీర్తిశేషులు శ్రీ సామర్ల వెంకట రంగారావుగారు. తండ్రిగా, తాతగా, మామగా, ఇంటిపెద్దగా ఆయన తెలుగువారి కుటుంబములలో ఒకరైపోయిరి. తుదకు రాక్షసవేషము ధరించినను చుట్టమువలెనే కనబడిరి. ఈ విశేషమును చదువరులకు నివేదించుటయే మా యుద్దేశము.

జననము – విద్యాభ్యాసము

రంగారావుగారు 1918వ సంవత్సరము జూలై 3వ తేదీన నాటి కృష్ణాజిల్లా నూజివీటియందు జన్మించిరి. తల్లి లక్ష్మీనరసాయమ్మగారు, తండ్రి కోటేశ్వరరావుగారు. తండ్రిగారు ఆబ్కారీశాఖయందు ఉద్యోగులు. బాల్యమున కొంతకాలము నాయనమ్మగారి పోషణలో మద్రాసునందు పెరిగి, తిరువళ్ళిక్కేణిలోని హిందూ ఉన్నతపాఠశాలయందు చదివిరి. పాఠశాలలో ఉండగనే ముఖమునకు రంగు పూసికొని నాటకరంగముపై కాలు మోపిరి. నటనను పొట్టకూటివిద్యగా ఇంటివారు ఎంచని కాలమది. కావున చదువు సాగించి, విజ్ఞానశాస్త్రమున పట్టము పొంది, అగ్నిమాపకశాఖలో ఉద్యోగమునకు కుదిరిరి. బందరు, విజయనగరములందు ఆ కొలువు చేసిరి.

నాటకరంగము

ఉద్యోగము కడుపు నింపెను గాని మనస్సును నింపలేదు. కాకినాడయందు యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అను నాటకసమాజము ఉండెను. తరువాతికాలమున చిత్రసీమయందు ప్రఖ్యాతి గాంచిన అంజలీదేవిగారు, ఆదినారాయణరావుగారు ఆ సమాజమునకు చెందినవారే. రంగారావుగారు అచ్చట తెలుగు నాటకములందును, షేక్స్పియరు మహాకవి ఆంగ్లనాటకములందును వేషములు ధరించి పేరు గడించిరి. వేషము చిన్నదైనను ఆ మనిషి మనస్సు ఎట్టిదో తెలిసికొనక రంగమెక్కరాదను నియమము వారికి అచ్చటనే అలవడెనని చెప్పవచ్చును. ఆ గంభీరమైన కంఠస్వరము, మాటకును మాటకును నడుమ నిలుపు ఆ విరామము, నాటకరంగము వారికి పెట్టిన ఆస్తి.

చిత్రసీమ – తొలి యెదురుదెబ్బలు

బంధువులగు బి.వి. రామానందంగారు వరూధిని యను చిత్రమును తీయుచు రంగారావుగారిని పిలిచిరి. 1946–47 నాటి ఆ చిత్రమున వీరు కథానాయకులు. ఆ చిత్రము జనాదరణ పొందలేదు. తొలి చిత్రముతోనే నాయకుడై, తొలి చిత్రముతోనే అవకాశములు కోల్పోయిన దురవస్థ వారిది. 1947 డిసెంబరులో లీలావతిగారితో వివాహమైనది. సంసారభారము మీదబడగా రంగారావుగారు జంషెడ్‌పురము వెళ్ళి టాటావారి సంస్థయందు ఉద్యోగమున చేరిరి.

కొంతకాలమునకు బి.ఎ. సుబ్బారావుగారు పల్లెటూరిపిల్ల చిత్రమున ప్రతినాయకపాత్రకు వీరికి కబురు పంపిరి. బయలుదేరవలసిన సమయముననే తండ్రిగారు పరమపదించిరి. కొడుకుగా చేయవలసిన కర్మ ముగించి మద్రాసు చేరునప్పటికి ఆ వేషము వేఱొకరికి పోయినది. రంగారావుగారు అలుగలేదు, వెనుదిరుగలేదు. అదే చిత్రమున దొరకిన చిన్నవేషమును ధరించిరి. వేషము పోయిన దుఃఖముకన్న తండ్రి ఋణము తీర్చుకొన్న తృప్తి పెద్దదని వారు ఎంచియుందురని మేము తలచుచున్నాము.

1949లో ఎల్.వి. ప్రసాదుగారి మనదేశమునందును, 1950లో విజయావారి తొలిచిత్రమగు షావుకారునందును నటించిరి. షావుకారులో సున్నం రంగడను వీథిరౌడీ వేషము ప్రజలదృష్టిని గట్టిగా ఆకర్షించెను. 1951లో కె.వి. రెడ్డిగారి పాతాళభైరవిలో నేపాళమాంత్రికుడై ఆంధ్రదేశమంతట ఇంటింట తెలిసినవారైరి. అటుపిమ్మట వారు వెనుకకు చూడవలసిన అవసరము కలుగలేదు.

చిన్నవయసు పెద్దదిక్కు

ఇచ్చట చదువరులు ఒక సంగతిని గమనింపవలెను. రంగారావుగారు నందమూరి తారకరామారావుగారికంటె అయిదేండ్లు మాత్రమే పెద్ద. అయినను 1955 నాటి మిస్సమ్మలో జమీందారు గోపాలముగారుగా నటించినప్పుడు వారికి ఇంకను నలువది యేండ్లు నిండలేదు. ఎదిగిన కొమార్తె పెండ్లికొఱకును, చిన్ననాడు తప్పిపోయిన పెద్దకొమార్తె కొఱకును తపించు తండ్రిని వారు చూపగా, ఆ నెరసినజుట్టు పూసినదని యెవరికిని తోచలేదు. బి.ఎన్. రెడ్డిగారి బంగారుపాపలో కఠినహృదయుడగు కోటయ్య ఒక పసిబిడ్డ చేతిస్పర్శతో కరగిపోవు తీరు నేటికిని చూపరుల కన్నులను చెమర్చును. 1962లో వెలువడిన గుండమ్మకథలో రామారావుగారికిని, అక్కినేని నాగేశ్వరరావుగారికిని తండ్రిగా నటించిరి. అదే సంవత్సరమున వచ్చిన ఆత్మబంధువులో, సిరి యున్నన్నాళ్ళు చుట్టును చేరిన కన్నబిడ్డలు అది పోగానే ముఖము చాటుచేయగా, చదువురాని పెంపుడు కుఱ్ఱవాని సేవలో ప్రాణము విడుచు గృహపతిగా వారు చూపిన నటనను మేము మఱువజాలము.

మాయాబజారు

ఇంతటి కుటుంబనటుని కళకు శిఖరమేదని ఎవరైన అడిగినచో మేము 1957 మార్చి 27వ తేదీన విడుదలయైన మాయాబజారును చూపుదుము. అది పురాణచిత్రమని, మాయలచిత్రమని లోకము చెప్పుచుండును. మా అభిప్రాయమున అది మన ఇండ్లలో నిత్యము జరుగు కథ. చిన్ననాడు మేనత్తకొడుకునకు ఇచ్చెదమని మాట ఇచ్చిన పిల్లను, ఆ మేనత్తవారు రాజ్యము పోగొట్టుకొనగానే మఱియొక సంపన్నుని ఇంటికి ఇవ్వదలచుటయే అందలి కథ. బలరామునకు మాటపట్టింపు, రేవతీదేవికి నగలపై మోజు, సుభద్రకు పుట్టినింట అవమానము. ఇవి ద్వాపరయుగమునకే పరిమితమా? ఏ గ్రామమున, ఏ పెండ్లిపందిరిలో మనము ఇట్టివానిని చూడలేదు?

పాండవపక్షమును గుఱించిన కథయైనను పాండవులైదుగురిలో ఒక్కరును తెఱపై కానరారు. రాజ్యము కోలుపోయిన వారు కంటికి దూరమగుటయు, వారి భార్యాబిడ్డలు చుట్టముల గుమ్మములయందు నిలబడుటయు లోకసహజము. ఆ లోటును ప్రేక్షకుడు తెలియకయే అనుభవించును. దర్శకులు కె.వి. రెడ్డిగారి నేర్పును, మాటలు పాటలు కూర్చిన పింగళి నాగేంద్రరావుగారి నేర్పును ఇందు కానవచ్చుచున్నవి.

పుట్టినింట నిలువలేక సుభద్ర కొడుకును వెంటబెట్టుకొని అడవి దారి పట్టును. అచ్చట ఎదురుపడువాడు ఘటోత్కచుడు. మొదట ఎవరో యని అభిమన్యునితో పోరాడి, వారెవరో తెలిసిన క్షణమున ఆ రాక్షసుని ముఖము మారు తీరును రంగారావుగారు ఎట్లు నటించిరో చూడవలెను. గదాధారియగు భీకరాకారుడు ఒక్కమాటుగా పినతల్లి యెదుట బిడ్డడగును, తమ్ముని యెదుట అన్నయగును. కిరీటము తొలగలేదు, గర్వము మాత్రము తొలగినది. ద్వారకలోని మేనమామ యింట దొరకని ఆదరణ అడవిలోని రాక్షసుని యింట దొరకెను. శుభకార్యములకు పిలువరాని చుట్టమని ఎవరిని నాగరకులు ఎంచియుందురో, అతడే ఆ పెండ్లిని నిలబెట్టెను. చిత్రము మనకు బోధించు ధర్మమంతయు ఈ ఒక్క ఘట్టమున కలదని మా విశ్వాసము.

ఘటోత్కచుని తల్లి హిడింబిగా సూర్యకాంతముగారు నటించిరి. ఆమె రంగారావుగారికంటె ఆరేండ్లు చిన్న. అయినను ఆ తల్లి అదలించినప్పుడు ఈ కొడుకు ఒదిగి నిలుచుటలో ఎచ్చటను కొరత తోచదు. గయ్యాళి వేషములకు పెట్టినపేరైన సూర్యకాంతముగారు ఇందు మమకారము గల తల్లియైరి. బలరాముడుగా నటించిన గుమ్మడి వెంకటేశ్వరరావుగారు, తమ్ముడు కృష్ణుడుగా నటించిన రామారావుగారికంటె వయసున చిన్నవారు. నాటి నటులకు వయసు వేషములోను, మాటలోను, నడకలోను ఉండెడిది.

సావిత్రిగారి శశిరేఖను గుఱించి ప్రత్యేకముగ చెప్పక తప్పదు. నిద్రించుచున్న శశిరేఖను పానుపుతో కూడ ఎత్తుకొనిపోయి, ఘటోత్కచుడు ఆమె రూపము దాల్చి ద్వారకలో నిలుచును. అప్పటినుండి తెఱపై కనబడునది సావిత్రిగారు, లోపల ఉన్నది రంగారావుగారి ఘటోత్కచుడు. ఎవరును లేనప్పుడు కాళ్ళు చాచి, భుజములు విఱచి, మీసము దువ్వబోవుటయు, ఎవరైన రాగానే తలవంచి ముగ్ధవలె నిలుచుటయు సావిత్రిగారు అభినయించిన తీరు అద్భుతము. రంగారావుగారి నడక, చూపు, హుంకారము అంతకుముందే మన కన్నులయందు గాఢముగ ముద్రితములు కాకున్నచో ఆ హాస్యము పండియుండెడిది కాదు. ఒక వేషమును ఇద్దరు మహానటులు పంచుకొని పూర్తిచేసిన దృష్టాంతము ఇది.

పెండ్లివిందు నంతయు ఘటోత్కచుడు ఒంటరిగ ఆరగించు ఘట్టమునకు మాధవపెద్ది సత్యముగారు గానము చేసిరి. ఆ కంఠము, ఆ దేహము ఒక్కనివే యని పిల్లలు నేటికిని నమ్ముదురు. లడ్డూలు వాటంతట అవియే నోటిలోనికి పోవుటను ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్‌లీగారు గణనయంత్రముల సాయము లేని కాలమున చూపిరి. వియ్యాలవారి గొప్పకొఱకు వండిన విందు అక్కరలేని వారి కడుపున పడక, అసలైన చుట్టము కడుపున పడుట మాకు మిక్కిలి సంతోషమును కలిగించును. లక్ష్మణకుమారుడుగా రేలంగిగారు, శకునిగా సి.యస్.ఆర్. ఆంజనేయులుగారు, చినమయగా రమణారెడ్డిగారు, అభిమన్యుడుగా నాగేశ్వరరావుగారు ఎవరికి వారే సాటి. ఘంటసాలగారి సంగీతము, అందు సాలూరి రాజేశ్వరరావుగారు కూర్చిన బాణీలు, గోఖలే, కళాధరుగార్ల రంగాలంకరణము ఈ చిత్రమునకు సొబగు కూర్చినవి. 2010లో ఈ చిత్రమునకు రంగులద్ది మఱల విడుదలచేయగా మనుమలు తాతలతో కలిసి చూచిరి.

కీర్తి – తుదిదినములు

1963 నాటి నర్తనశాలలో వీరి కీచకపాత్రకు 1964లో ఇండొనేషియాదేశపు జకార్తానగరమున జరిగిన ఆఫ్రికా–ఆసియా చలనచిత్రోత్సవమున ఉత్తమనట బహుమానము లభించెను. తమిళదేశమునందును వీరిని స్వకీయునిగ ఆదరించిరి. తరువాత స్వయముగ దర్శకత్వము వహించి 1967లో చదరంగమును, 1968లో బాంధవ్యాలను నిర్మించిరి. రెండును రాష్ట్రప్రభుత్వపు నంది పురస్కారములను పొందినవి. తన చేతికి పగ్గములు వచ్చినప్పుడు ఆ మహానటుడు ఎంచుకొన్నది యుద్ధములను కాదు, మాయలను కాదు. విడిపోవు కుటుంబమును, కలిసియుండవలెనను ఆరాటమును ఎంచుకొనిరి. చిత్రము పేరే బాంధవ్యాలు.

దాసరి నారాయణరావుగారి తొలిచిత్రమగు తాతామనవడులో, కన్నకొడుకుచే నిరాదరింపబడిన ముదుసలి తండ్రిగా కానవచ్చిరి. 1974 జూలై 18వ తేదీన మద్రాసునందు గుండెపోటుచే తమ 56వ యేట స్వర్గస్థులైరి. వయోవృద్ధుల వేషములెన్నో ధరించిన వారికి నిజమైన వార్ధక్యము చూడ ప్రాప్తము లేకపోయెను. కంసుడుగా నటించిన యశోదకృష్ణ మరుసటి సంవత్సరము విడుదలయ్యెను. జీవితకాలమున పద్మపురస్కారములలో ఒక్కటియు వారికి దక్కలేదు. 2013లో భారతీయ చలనచిత్రమునకు నూఱేండ్లు నిండిన సందర్భమున తపాలాశాఖవారు వెలువరించిన బిళ్ళలలో వారి చిత్రమును చేర్చిరి. మరణించిన ముప్పదితొమ్మిదేండ్లకు వచ్చిన గౌరవమది. జనులు మాత్రము విశ్వనటచక్రవర్తి యను బిరుదమును ఎవరి యనుమతియు లేకయే ఇచ్చియుండిరి.

ముగింపు

బంధుమిత్రులారా! ఇట్టి సభలయందు సంబంధములు కుదురును, మాటలు ఇచ్చిపుచ్చుకొందురు. మాట ఇచ్చిన యింటి సిరి రేపు తరిగిపోవచ్చును. అప్పుడు మనము బలరామునివలె ముఖము త్రిప్పుకొందుమా, ఘటోత్కచునివలె గుమ్మము తెఱతుమా యను ప్రశ్నకు మన నడతయే సమాధానము. శుభకార్యమునకు పిలువదగడని ఏ చుట్టమును గుఱించియైన అనుకొన్నచో, అడవిలోని ఆ గదాధారిని ఒక్కమారు తలచుకొందము. రంగారావుగారి స్మృతికి శిలావిగ్రహములకంటె, సన్మానములకంటె అదియే తగిన నివాళి. పిల్లలతో, పెద్దలతో, కలసిరాని చుట్టములతో కూడ ఒక్కసాయంకాలము కూర్చుండి మాయాబజారును మఱల చూడవలెనని మా ప్రార్థన. భగవంతుడు మన బాంధవ్యములను చల్లగ కాపాడుగాక.