ఇంకేం చదవాలక్కా? – బ్రౌన్ దొర జీవితం

ఈ నెల గోడపత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. అందరూ గాంధీ తాత గురించో, అల్లూరి సీతారామరాజు గురించో రాస్తారు. నేను మన కడపలో ఉండిన ఒక దొర గురించి రాస్తున్నాను. ఎందుకో ముందు చెప్తాను.

పోయిన నెల ఆరో తరగతి చెల్లెలు ఒకామె నా మంచం దగ్గరికి వచ్చింది. బీరువాలో తీసుకున్న బొమ్మల కథల పుస్తకం అయిపోయిందంట. ఇంకేం చదవాలక్కా అని అడిగింది. నాకేమీ తోచలేదు. లావు పుస్తకమైతే మంచిది కదా అనుకుని ఒకటి తీసి ఇచ్చినాను. రెండు దినాలు దిండు కింద పెట్టుకుంది. మూడో దినం తెచ్చి ఇచ్చేసింది. నాకు చదువు రాదులే అక్కా అనింది. ఆ మాటకు నాకు చాలా బాధ అయ్యింది. తప్పు ఆ పాపది కాదు, నాది.

కానీ నాకు మాత్రం ఎవరు చెప్పినారు? మాది పులివెందుల వైపు తండా. మా యాడి, బాపు ఇద్దరూ వేలిముద్ర వేస్తారు. ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి. తెలుగు నేను బడికి వచ్చినాకనే సరిగ్గా నేర్చుకున్నాను. మన హాస్టల్లో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు వైపుల పిల్లలమూ ఉన్నాము. ఎరుకల పిల్లలకు ఇంట్లో వాళ్ళ మాట వేరే ఉంది. మనలో చాలామంది ఇండ్లల్లో పుస్తకమే లేదు. ఇక ఫలానా పుస్తకం చదువమ్మా అని చెప్పేది ఎవరు?

దసరా సెలవులకు ముందర మమ్మల్ని కడపకు తీసుకుపోయినారు కదా. అక్కడ యర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీ చూసినాము. ఆ బ్రౌన్ దొరకు కూడా తెలుగు తల్లి భాష కాదని, ఏ పుస్తకం చదవాలో తెలియక ఆయనా మనలాగే తిప్పలు పడినాడని అక్కడే తెలిసింది. వచ్చినాక సార్లను అడిగి మిగతాది తెలుసుకున్నాను.

సి.పి. బ్రౌన్ అంటే చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టినాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ పాదిరి, చాలా భాషలు తెలిసినవాడు. కొడుకుకు చిన్నప్పుడే భాషల మీద ఇష్టం కలిగించినాడు. 1812లో తండ్రి చనిపోతే కుటుంబం ఇంగ్లండుకు పోయింది. అక్కడ కంపెనీ ఉద్యోగానికి కావలసిన చదువు చదివి, 1817లో మద్రాసుకు వచ్చినాడు. అక్కడే తెలుగు మొదలుపెట్టినాడు. వెలగపూడి కోదండరామ పంతులు గారు ఆయనకు తెలుగు చెప్పినారు. 1820లో పరీక్ష పాసై, కలెక్టరు కింద పని చేసేదానికి కడపకు వచ్చినాడు. అప్పటికి ఆయనకు 21 ఏండ్లు.

కడపలో రైతులు, వ్యాపారులు అందరూ తెలుగులోనే మాట్లాడుతారు. వాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఆయనకు తెలుగు మాట వచ్చింది. 1821లో కడపలో రెండు బడులు పెట్టి పిల్లలకు ఉచితంగా చదువు చెప్పించినాడు. కానీ తాను చదువుకుందామంటే పుస్తకాలు లేవు. ఆ కాలంలో తెలుగు పుస్తకాలు అచ్చు అయ్యింది చాలా తక్కువ. అంతా తాటాకుల మీద గంటంతో రాసిందే. అవి కూడా ఎవరి ఇంటి అటక మీదనో పురుగులు తింటూ ఉండేవి. పండితులు చెప్పేవి గట్టి కావ్యాలు. కొత్తగా నేర్చుకునేవాడికి అవి కొరుకుడు పడవు. మన చెల్లెలికి నేను ఇచ్చిన లావు పుస్తకం మాదిరే అన్నమాట.

1824లో మచిలీపట్నంలో ఉన్నప్పుడు, డుబాయి అనే ఫ్రెంచి పాదిరి రాసిన పుస్తకంలో ఆయనకు వేమన పేరు కనిపించింది. ఇంక ఊరికే ఉండలేదు. కనపడిన వాళ్ళనంతా వేమన పద్యాలు ఉన్నాయా అని అడిగినాడు. పండితులు చాలామంది వేమనను లెక్క చేసేవాళ్ళు కాదు. మామూలు జనానికి మాత్రం ఆ పద్యాలు నోటికి వచ్చును. ఊరూరి నుంచి తాటాకు ప్రతులు తెప్పించినాడు. చిన్న పద్యం, సులువైన మాటలు, ఒక్కో దాంట్లో ఒక్కో సంగతి. తెలుగు నేర్చేవాళ్ళకు ఇంతకంటే మంచి మొదటి పుస్తకం ఏముంటుంది? ఇంగ్లీషులోకి కూడా మార్చి, 1829లో 693 పద్యాలతో అచ్చు వేయించినాడు. 1839లో మళ్ళీ వేసినప్పుడు పద్యాలు 1164 అయినాయి. మనం ఒకటో తరగతి నుంచి చదివే వేమన పద్యాలు అట్లా పోకుండా నిలిచినాయి.

మధ్యలో 1826లో మళ్ళీ కడపకు వచ్చి, ఒక బంగళా కొన్నాడు. అందులో పండితులను, రాతగాండ్లను పెట్టి సొంత జీతంలోంచి వాళ్ళకు జీతాలు ఇచ్చినాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవాళ్ళు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి గారు ఆ పని అంతా చూసుకునేవారు.

అక్కడ పని ఎట్లా జరిగేదో వింటే నాకు ఆశ్చర్యం వేసింది. ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పిస్తారు. ఒక్కో రాతగాడు ఒక్కో తప్పు రాసి ఉంటాడు. ఒకాయన చదువుతుంటే మిగతావాళ్ళు తమ ప్రతి చూసి తేడా చెప్తారు. ఏది సరైనదో పండితులు తేల్చినాక, కాగితం మీద శుభ్రంగా రాయిస్తారు. కష్టమైన మాటలకు అర్థాలు రాయిస్తారు. వెతుక్కునేదానికి అకారాది పట్టికలు కూడా తయారు చేస్తారు. జూలూరి అప్పయ్య గారి వంటి పండితులు ఆయన దగ్గర పని చేసినారు. బ్రౌన్ దొర పేరు అందరికీ తెలుసు గానీ, ఇట్లాంటి వాళ్ళు లేకుంటే ఆయన ఒక్కడే ఏమీ చేయలేడు. వాళ్ళ పేర్లు కూడా మనం గుర్తు పెట్టుకోవాల.

ఈ ఖర్చులతో ఆయన అప్పుల పాలైనాడు. గుంటూరు వైపు 1832, 1833లో ఘోరమైన కరువు వచ్చింది. పై అధికారులు కరువు అనే మాట వాడకుంటే, ఆయన ధైర్యంగా కరువు అనే రాసినాడు. 1834లో ఉద్యోగం పోయి లండనుకు వెళ్ళినాడు. అక్కడ కూడా ఊరికే కూర్చోలేదు. కంపెనీ వాళ్ళ లైబ్రరీలో ఎవరూ ముట్టని తెలుగు పుస్తకాల కట్టలు చూసి, వాటిని మద్రాసుకు తిరిగి పంపించే ఏర్పాటు చేయించినాడు. చదివేవాళ్ళ దగ్గర లేని పుస్తకం ఉండీ లేనట్టే కదా.

మళ్ళీ మద్రాసుకు వచ్చినాక చేసిన పని నాకు మెట్ల మాదిరి కనిపించింది. 1840లో వ్యాకరణం వేసినాడు. వేమన తర్వాత చదివేదానికి 1841లో నలుని కథ, 1842లో హరిశ్చంద్రుని కథ వేసినాడు. రెండూ ద్విపదలు. పాట మాదిరి పాడుకుంటూ కథ తెలుసుకోవచ్చు. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. అందులో పండితుల మాటలే కాదు, జనం మాట్లాడే మాటలు కూడా చేర్చినాడు. జనం రాసుకునే ఉత్తరాలు, అర్జీలతో ఒక వాచకం కూడా చేసినాడు. ఇవి ఎక్కువగా తెలుగు నేర్చుకునే ఇంగ్లీషు వాళ్ళ కోసం చేసినవే. ఆయన కంపెనీ నౌకరే, మన మీద పెత్తనం చేసిన వాళ్ళలో ఒకడే. ఆ సంగతి మరిచిపోకూడదు. అయినా ఆ పుస్తకాలు మనకే మిగిలినాయి. తాను పోగు చేసిన 2000కు పైగా సంస్కృతం, తెలుగు ప్రతులు మద్రాసులో ఒక సంస్థకు ఇచ్చేసినాడు.

1855లో ఆరోగ్యం చెడి లండనుకు పోయినాడు. అక్కడ యూనివర్సిటీలో తెలుగు చెప్పినాడు. 1884 డిసెంబరు 12న చనిపోయినాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు చందాలు పోగు చేసి లైబ్రరీ కట్టించినారు. మేము చూసింది అదే.

తిరిగి వచ్చినాక ఆ చెల్లెలిని మళ్ళీ పిలిచినాను. ఈసారి పుస్తకం ఇయ్యలేదు. ముందు చదివిన పుస్తకంలో నీకు నచ్చిందేంది అని అడిగినాను. మేకపిల్ల అనింది. వాళ్ళ ఇంట్లో మేకలు ఉన్నాయంట. బీరువాలో వెతికితే జంతువుల కథల పుస్తకం పలుచనిది దొరికింది. ఒక పేజీ నా ముందరే చదివించినాను. రెండు మాటలే ఆగినాయి. ఆ రాత్రి లైట్లు తీసే బెల్లు కొట్టేలోపల సగం అయిపోయింది. ఇప్పుడు పక్క మంచం పాపకు ఆమే చదివి వినిపిస్తాంది. నాకు పరీక్షలో ఫస్టు వచ్చినంత సంతోషం.

అందుకని నేను ఒక నోటు పుస్తకం మొదలుపెట్టినాను. పుస్తకం చదివినవాళ్ళు దాంట్లో నాలుగు సంగతులు రాయాల. పుస్తకం పేరు, ఎన్ని పేజీలు, మాటలు సులువా కష్టమా, ఎట్లాంటి వాళ్ళకు నచ్చుతుంది. ఇప్పటికి 11 పుస్తకాలు ఎక్కినాయి. మీరూ రాయండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి, అక్కడికి పోయి చదవండి. వచ్చినాక నోటులో ఎక్కించండి.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. బీరువా ఆదివారం ఒక్క దినమే తెరుస్తున్నారు. దినమూ సాయంత్రం స్టడీ అవర్ తర్వాత అరగంట తెరిస్తే చాలు. తాళం బాధ్యత మేము తొమ్మిదో తరగతి వాళ్ళము తీసుకుంటాము. ఒక్క పుస్తకం పోయినా నన్నే అడగండి.

తప్పులుంటే పెద్దలు మన్నించవలెను.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని