బోదకాలు మాత్ర వెనుక భీమవరం మనిషి

చోడవరం: ఉమ్మడి విశాఖ జిల్లాలో బోదకాలు మాత్రల గురించి వినని ఇల్లు ఉండదు. ఆశా కార్యకర్త గుమ్మం ముందుకొచ్చి వయసు అడుగుతుంది. 2 నుంచి 5 ఏళ్ల పిల్లలకు ఒకటి, 6 నుంచి 14 ఏళ్ల వారికి రెండు, ఆపై వయసు వారికి మూడు చొప్పున చేతిలో పెడుతుంది. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. ఆ మాత్ర పేరు డీఈసీ. తీసుకున్నవాళ్లలో కొందరు దాన్ని మింగకుండా అల్మారాలో పడేస్తారు, ఆ సంగతి తర్వాత చూద్దాం. ఈ మందు పుట్టింది అమెరికాలోని ఒక కంపెనీ ల్యాబ్‌లో. ఆ ల్యాబ్‌లో రిసెర్చ్ మొత్తాన్ని నడిపించింది మాత్రం భీమవరంలో పుట్టిన తెలుగువాడు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా, క్విజ్ పోటీల్లో ఒక ప్రశ్న. అంతకు మించి మనకు తెలిసింది తక్కువ. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్, పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్స్‌లో మొట్టమొదటిది, ఇవన్నీ ఆయన చేతి కింద పనిచేసిన టీముల నుంచే వచ్చాయి. ఒక్క మనిషి ఖాతాలో ఇన్ని జమ కావడం అరుదు. అయినా పేరు రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే మొదటి నుంచి చూడాలి.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. చదువులో కూడా కుర్రవాడు మెరిసింది లేదు. 13 ఏళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోయాడు. తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు పోయింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి రాసి పాసయ్యాడు. ఈ రోజుల్లో ఒక్కసారి పరీక్ష పోతేనే పిల్లలు ఎంత పని చేసుకుంటున్నారో పేపర్లలో చదువుతున్నాం కదా, అందుకే ఈ మూడోసారి అన్న మాట గుర్తుపెట్టుకోదగ్గది.

ఆయనకు సన్యాసం మీద మనసు ఉండేది. రామకృష్ణ మిషన్ వారు డాక్టరువై సేవ చెయ్యమన్నారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చుకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సాయపడ్డారు. ఆ సూర్యనారాయణమూర్తి గారి కూతురు శేషగిరినే 1919లో పెళ్లి చేసుకున్నారు. గాంధీ పిలుపు విని, ఆపరేషన్ థియేటర్లోకి కూడా ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. ఫలితం, చివరికి చేతికి వచ్చింది పూర్తి ఎంబీబీఎస్ డిగ్రీ కాదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్. సర్కారు ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ లెక్చరర్‌గా చేరారు.

ఈలోపే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పుడు దానికి మందు లేదు. పాతికేళ్ల తర్వాత ఆ జబ్బు రక్తహీనతకు పనిచేసిన మందును తయారుచేసింది ఈ తమ్ముడి టీమే. కథలో రాస్తే నమ్మశక్యంగా ఉండదు గానీ, జరిగింది అదే.

1920ల తొలి ఏళ్లలో మామగారి సాయం, మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో ఆయన బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చేశారు. మన డిగ్రీతో అక్కడ ప్రాక్టీసు పెట్టే వీలు లేదు. రాత్రిపూట ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పోర్టర్ పని చేసి పొట్టపోసుకున్నారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే చర్మానికి సోకిన ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డను చూడనే లేదు. రెండు మూడేళ్లలో వస్తానని వెళ్లిన మనిషి మళ్లీ ఇండియాకు రాలేదు. శేషగిరి గారు ఆయన్ని మళ్లీ చూడలేదు.

ఆయన గురించి రాసేవాళ్లు ఈ ముక్కను త్యాగం అని ఒక్క మాటలో దాటేస్తారు. త్యాగం చేసింది ఆయన ఒక్కరే కాదు, ఆవిడను ఎవరూ అడగలేదు కూడా.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర బయోకెమిస్ట్రీలో చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతి ఇద్దరూ కలిసి 1925లో అచ్చు వేశారు. ఫిస్కే-సుబ్బారావు మెథడ్ అని ఇప్పటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులు ప్రాక్టికల్స్‌లో చేస్తారు. ఆయన పేరు ఆయనకే దక్కిన చోటు దాదాపు ఇదొక్కటే. ఆ కొలత చేతిలో ఉంది కాబట్టి కండరాల్లో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండరం పనిచేసేది లాక్టిక్ యాసిడ్ వల్లనే అన్న లెక్క అప్పట్లో గట్టిగా నడుస్తోంది, ఆ రంగంలో 1922 నోబెల్ కూడా ఇచ్చారు. ఈ కొత్త పదార్థం రావడంతో ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి వెయ్యాల్సి వచ్చింది. 1929లో ఏటీపీ, అంటే కణం తన శక్తిని దాచుకుని ఖర్చుపెట్టే పదార్థం. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది కనుక్కున్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది.

పర్మనెంట్ పోస్టు మాత్రం రాలేదు. పదేళ్లు చిన్న ఉద్యోగంలోనే ఉన్నారు. అదే డిపార్ట్‌మెంట్‌లో చదివి తర్వాత నోబెల్ తీసుకున్న జార్జ్ హిచింగ్స్ ఒక సంగతి బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే అసూయతో వెలుగు చూడనివ్వలేదని, అందువల్ల ఇతరులు వాటిని ఏళ్ల తర్వాత మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని. పైగా ఆ రోజుల్లో అమెరికా చట్టం ప్రకారం భారతీయులకు పౌరసత్వం ఇచ్చేవారు కాదు. ఆ చట్టం 1946లో మారింది. మారాక కూడా ఆయన తీసుకోలేదు.

1940లో, 45 ఏళ్ల వయసులో, హార్వర్డ్ వదిలేసి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరారు. అది అమెరికన్ సయనమిడ్ అనే కెమికల్ కంపెనీది. యూనివర్సిటీ వదిలి కంపెనీలో చేరడం అప్పట్లో హోదా తగ్గడమే. కానీ అక్కడ ఆయనకు మనుషులు, పరికరాలు, డబ్బు దొరికాయి. త్వరలోనే రిసెర్చ్ డైరెక్టర్ అయ్యారు. తర్వాత ఎనిమిదేళ్లలో వచ్చినవి చూస్తే, ముందు ఇరవై ఏళ్లూ ఆయన చేతులు కట్టేశారనే అనిపిస్తుంది.

ముందు ఫోలిక్ యాసిడ్. దాని కథ నిజానికి ఇండియాలోనే మొదలైంది. 1928 నుంచి లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేశారు. అందరికంటే నాసిరకం తిండి తింటున్నది, ఎక్కువగా జబ్బు పడుతున్నది పేద ముస్లిం మహిళలని ఆమె గమనించారు. మార్మైట్ అనే ఈస్టు పదార్థం తినిపిస్తే కోలుకున్నారు. అందులో ఉన్నదేమిటో ఎవరికీ తెలీదు. లివర్‌లోనూ అదే ఉంది. సుబ్బారావు టీమ్ దాన్ని వేరుచేసి, నిర్మాణం తేల్చి, 1945లో ల్యాబ్‌లో తయారుచేసింది. ఆ పేపర్ మీద డజనుకు పైగా పేర్లున్నాయి, వాటి మధ్యలో ఎక్కడో సుబ్బారావు. ఆయన పద్ధతే అది, పనిచేసిన కుర్రవాళ్ల పేర్లు ముందుకు తోసేవారు.

ఫోలిక్ యాసిడ్ రక్తం పట్టడానికి పనికొస్తుంటే, దానికి విరుద్ధంగా పనిచేసే పదార్థం క్యాన్సర్ కణాన్ని ఆపుతుందా? ఆ దారిలో లెడర్లీలో అమినోప్టెరిన్ తయారైంది. దాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ప్రకటించారు. అంతవరకూ ఆ జబ్బు వచ్చిన బిడ్డకు మందు లేదు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్, ఇవాళ కీళ్లవాతానికి కూడా రాస్తున్నారు.

యాంటీబయాటిక్ సంగతీ అంతే. పెన్సిలిన్ పనిచెయ్యని క్రిముల కోసం మట్టి నమూనాలు తెప్పించి వెతికించారు. 70 దాటి రిటైరైన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తను పిలిచి ఆ పని అప్పజెప్పారు. ఆరియోమైసిన్ దొరికింది, పేరు డగ్గర్‌కు వెళ్లింది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం షాపుల్లో ఎగబడి కొన్న టెట్రాసైక్లిన్ ఆ కుటుంబంలోదే.

ఇక మన మాత్ర. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. అప్పటిదాకా పేద దేశాల జబ్బు కాబట్టి దాన్ని పట్టించుకున్న కంపెనీ లేదు. లెడర్లీలో వందల పదార్థాలు జంతువుల మీద పరీక్షించగా డీఈసీ తేలింది. 1947లో హెట్రజాన్ అన్న పేరుతో బయటకు వచ్చింది. క్యూలెక్స్ దోమ కుడితే ఒంట్లోకి చేరే పురుగు శోషనాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతుంది. దాని పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి, అందుకే రక్తపరీక్షకు సిబ్బంది రాత్రి తిరుగుతారు. డీఈసీ ఆ పిల్లల్ని చంపుతుంది. ఏటా ఒకసారి ఊరంతా మింగితే, దోమ ఒకరి నుంచి ఒకరికి మొయ్యడానికి ఏమీ మిగలదు. ఉబ్బిపోయిన కాలును మాత్రం అది వెనక్కి తేలేదు. మాత్ర వేసుకున్నాక కొందరికి జ్వరం, తలనొప్పి, వాంతి వస్తాయి. చనిపోతున్న పురుగుల వల్ల వచ్చేది అది, ఎక్కువ భాగం ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఇది చెప్పేవాళ్లు లేకనే మాత్ర అల్మారాకు చేరుతోంది. ఖాళీ కడుపుతో వెయ్యకూడదన్న సంగతి కూడా చాలామందికి తెలీదు. రంజాన్‌లో ఇస్తే రోజా ఉన్నవారు ఇఫ్తార్ భోజనం అయ్యాక వేసుకోవచ్చు.

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. 53 ఏళ్లు. ఫార్బర్ పేపర్ వచ్చి రెండు నెలలు, ఆరియోమైసిన్‌ను లోకానికి చూపించి కొద్ది వారాలు. ఆ తర్వాత లెడర్లీలోని సహచరుడొకరు ఒక బూజు జాతికి ఆయన పేరు కలిసేలా సుబ్బరోమైసెస్ అని పేరు పెట్టారు. మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది 1995లో, శతజయంతి సందర్భంగా. అప్పటికి ఆయన పోయి 47 ఏళ్లు.