మోక్షగుండం గారి బ్యాలెన్సర్

ఫ్యాక్టోరియో ఆడేవాళ్ళకి ఈ బాధ తెలుసు. ఒక బెల్టు మీద రాగి పలకలు పంపిస్తాం. మొదట ఉన్న మిషన్లు కడుపునిండా తింటాయి, చివర ఉన్నవి ఖాళీగా నిలబడతాయి. స్ప్లిట్టర్లు పెట్టి ఒక బెల్టుని రెండుగా, రెండుని నాలుగుగా పంచుతాం. ఓ రాత్రంతా దీనితో కుస్తీ పడుతుంటే, ఇదే పని నీళ్ళతో చేసిన ఒకాయన గుర్తొచ్చాడు. సెప్టెంబర్ 15న ఇంజనీర్స్ డే అని మనం దండ వేసే తలపాగా ఫొటో ఉంది కదా, ఆయనే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

పుట్టింది 1861లో, బెంగళూరుకి ఉత్తరాన ముద్దెనహళ్ళిలో. ఇంటిపేరు మాత్రం మన వైపుదే, పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరులో బి.ఏ., తర్వాత పూనాలో ఇంజనీరింగ్ చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. ఇదంతా స్కూల్ పాఠాల్లో చదివిందే.

పాఠాల్లో నాకు కనబడనిది దక్కన్ కాలువల సంగతి. అక్కడా మన బెల్టు గొడవే. కాలువ మొదట్లో ఉన్న పొలాలు నీళ్ళు ఎక్కువ వాడేసి బురదలో మునిగేవి, దోమలు, జ్వరాలు. చివరి ఊళ్ళకి చుక్క అందేది కాదు. ఈయన 1899లో బ్లాక్ పద్ధతి పెట్టారు. భూమిని బ్లాకులుగా విడగొట్టి, చెరకు లాంటి ఎక్కువ నీళ్ళు తాగే పంటకి ప్రతి బ్లాకులో కొంత భాగమే ఇచ్చి, నీళ్ళు వంతులవారీగా వదిలారు. అందరికీ ఒకేసారి సమానంగా పంచాలని నేను స్ప్లిట్టర్ల మీద స్ప్లిట్టర్లు పేరుస్తుంటే, ఆయన అసలు డిమాండ్‌నే సర్దేశారు!

1903లో పూనా దగ్గర ఖడక్‌వాస్లాలో ఆటోమేటిక్ గేట్లు పెట్టించారు. నీళ్ళు ఒక మట్టం దాటితే వాటంతటవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. డ్యామ్ ఎత్తు పెంచకుండానే నిల్వ పెరిగింది. పేటెంట్ ఉన్నా రాయల్టీ తీసుకోలేదట.

ఇక మన ఊరు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది పోయారు. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో ఆయన వచ్చారు. సిటీకి ఎగువన మూసీ పరివాహకంలో 788 చెరువులు ఉంటే, 221 తెగిపోయినట్టు లెక్క తేలింది. పైది తెగితే ఆ నీళ్ళు కింది చెరువు మీద పడతాయి, అది కూడా తెగుతుంది. సర్వర్లు ఒకదాని వెనక ఒకటి పడిపోయినట్టే. సిటీలో నదిని ఎంత వెడల్పు చేసినా అంత నీరు పట్టదు కాబట్టి, పైనే ఆపి నెమ్మదిగా వదలాలన్నది ఆయన ప్లాన్. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గేమ్ భాషలో బఫర్ చెస్టులు అన్నమాట. అవి కట్టేనాటికి ఆయన ఇక్కడ లేరు. 1909లోనే మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళి, 1912 నుంచి 1918 దాకా దివాన్‌గా చేశారు. 1955లో భారతరత్న, 1962లో మరణం.

నాకు ఆయన మీద ఇంత ఆసక్తి ఎందుకంటే, 2020 అక్టోబర్‌లో మా ఉప్పుగూడ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. నేను ఎనిమిదో క్లాసు. నానమ్మని మంచంతో సహా మేడమీదికి ఎక్కించాం. ఆ జంట జలాశయాలు సిటీకి పడమర ఉన్నాయి, మూసీని కాస్తాయి. మా గల్లీకి వచ్చిన నీళ్ళు మూసీవి కావు. దక్షిణం వైపు చెరువులు నిండి పొంగితే, వాటిని పట్టే జాగా నాలాలకి లేదు. 1908 లెక్కలో కనబడిన వరసే మళ్ళీ, ఈసారి చిన్న సైజులో. ఆ నీటి మరక గోడ మీద నా నడుం ఎత్తున ఇంకా ఉంది. కంప్యూటర్ టేబుల్ దానికి ఆనించే పెట్టుకున్నా.