తప్పు ఎక్కడుందో చూపించిన మనిషి: రిచర్డ్ హామింగ్



బిట్ అనగానే మన పిల్లలకు పరీక్షలో ఇచ్చే బిట్ పేపర్ గుర్తుకొస్తుంది. ఫోన్లలో, కంప్యూటర్లలో బిట్ అంటే వేరు. అది ఒక సున్నా గానీ, ఒక ఒకటి గానీ. హుజూరాబాద్‌లో ఉన్న పాప కరీంనగర్‌లో ఉన్న అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడుతోంది అనుకుందాం. డిజిటల్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్ ఆ గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. ఒక్కో కొలతను 8 బిట్లుగా రాస్తుంది. అంటే ఒక్క సెకను మాట 64,000 బిట్లు అవుతుంది. దారిలో ఏదో అలజడి వల్ల ఒక సున్నా ఒకటిగా మారినా, ఒకటి సున్నాగా మారినా దాన్ని బిట్ ఎర్రర్ అంటారు.

లైన్ బాగుందో లేదో ఇంజనీర్లు ఎలా తెలుసుకుంటారు? రెండు వైపులా ముందే తెలిసిన బిట్ల వరుసను ఒక చివర నుంచి పంపుతారు. రెండో చివర సాఫ్ట్‌వేర్ దాన్ని అసలు వరుసతో పోల్చి, ఎన్ని చోట్ల తేడా వచ్చిందో లెక్కపెడుతుంది. 10 లక్షల బిట్లకు సగటున ఒక తప్పు వస్తే, మన ఫోన్ కాల్‌లో దాదాపు 16 సెకన్లకు ఒక తప్పు అన్నమాట. మాటల్లో అయితే అది మనకు వినిపించకుండానే పోవచ్చు. అదే లైన్‌లో బ్యాంకు లెక్క వెళ్తుంటే ఒక్క బిట్ మారినా ప్రమాదమే.

ఇలా రెండు వరుసల మధ్య ఎన్ని చోట్ల తేడా ఉందో చెప్పే సంఖ్యను హామింగ్ దూరం అంటారు. ఉదాహరణకు 10110, 10011 చూడండి. మూడో చోట, అయిదో చోట తేడా ఉంది. కాబట్టి దూరం 2. ఆ పేరు రిచర్డ్ హామింగ్ అనే గణిత శాస్త్రవేత్తది.

హామింగ్ 1915 ఫిబ్రవరి 11న అమెరికాలోని షికాగోలో పుట్టారు. ఆయన ఇంజనీర్ కావాలనుకున్నారు. అవి ఆర్థిక మాంద్యం రోజులు, ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. స్కాలర్‌షిప్ ఇస్తామన్నది షికాగో విశ్వవిద్యాలయం ఒక్కటే. అక్కడ ఇంజనీరింగ్ లేదు. అందుకే గణితంలో చేరారు. 1937లో డిగ్రీ, 1939లో నెబ్రాస్కాలో ఎంఏ, 1942లో ఇల్లినాయ్‌లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. కోరుకున్న సీటు రాకపోవడం తనకు మేలే చేసిందని తర్వాత ఆయనే అనుకున్నారు.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1945లో, అణుబాంబు తయారవుతున్న లాస్ అలమోస్‌లో లెక్కల యంత్రాలను నడిపే పనిలో చేరారు. భార్య వాండా కూడా అక్కడే లెక్కలు చేసే ఉద్యోగం చేశారు. 1946లో ఆయన బెల్ టెలిఫోన్ లేబొరేటరీస్‌కు వెళ్లారు. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ కూడా అక్కడే పనిచేసేవారు. కొంతకాలం ఇద్దరిదీ ఒకే గది.

అప్పటి బెల్ కంప్యూటర్ రిలేలతో నడిచేది. రిలే అంటే కరెంటు పారగానే టక్కుమని కలిసే స్విచ్. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లోనూ అవే ఉండేవి. ఆ యంత్రానికి తన తప్పును తాను పసిగట్టే ఏర్పాటు ఉంది. మామూలు రోజుల్లో తప్పు దొరకగానే అక్కడున్న సిబ్బంది సరిచేసేవారు. హామింగ్‌కు మాత్రం యంత్రం శని, ఆదివారాల్లోనే దొరికేది. అప్పుడు సిబ్బంది ఉండరు. తప్పు కనబడితే యంత్రం ఆ లెక్కను అక్కడే వదిలేసి తర్వాతి లెక్కకు వెళ్లిపోయేది. వరుసగా రెండు వారాలు సోమవారం వచ్చి చూస్తే ఆయన లెక్కలు సగంలోనే ఆగిపోయి ఉన్నాయి.

ఆయనకు విసుగొచ్చింది. ఆ విసుగులోంచి ఒక ప్రశ్న పుట్టింది. తప్పు జరిగిందని యంత్రానికి తెలిసినప్పుడు, అది ఎక్కడ జరిగిందో కూడా ఎందుకు తెలియకూడదు? చోటు తెలిస్తే సరిచేయడం సులువు. బిట్లలో ఉండేవి రెండే అంకెలు కాబట్టి, తప్పు బిట్‌ను తిప్పేస్తే చాలు.

దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం ఆరో తరగతి పిల్లలు కూడా చేయగలరు. ఏడు గళ్లు గీయండి. 3, 5, 6, 7 గళ్లలో మన సమాచారం 1, 0, 1, 1 రాయండి. 1, 2, 4 గళ్లు కాపలాదారులవి. ఒకటో కాపలాదారు 1, 3, 5, 7 గళ్లను చూస్తాడు. రెండోవాడు 2, 3, 6, 7ను, నాలుగోవాడు 4, 5, 6, 7ను చూస్తారు. ప్రతి గుంపులో ఒకట్ల లెక్క సరిసంఖ్య అయ్యేలా కాపలా గళ్లు నింపితే వరుస 0110011 అవుతుంది. ఇప్పుడు అయిదో గడిని 1గా మార్చండి. ఒకటో గుంపులో, నాలుగో గుంపులో లెక్క బేసి అవుతుంది. రెండో గుంపు సరిగ్గానే ఉంటుంది. తేడా చెప్పిన 1ని, 4ను కలపండి. 5 వచ్చింది. తప్పు అయిదో గడిలోనే ఉంది!

దీనికీ ఒక హద్దు ఉంది. ఒకేసారి రెండు బిట్లు మారితే ఈ ఏడు గళ్ల లెక్క తప్పు చోటు చూపిస్తుంది. ఇంకో కాపలా బిట్ కలిపితే రెండు తప్పులు జరిగాయని మాత్రం పసిగట్టగలదు. హామింగ్ ఇదంతా 1950లో బెల్ సంస్థ పత్రికలో ప్రచురించారు. తర్వాత ఇతరులు ఇంకా బలమైన కోడ్‌లు కనిపెట్టారు. కిరాణా కొట్టులో కొంచెం మాసిపోయిన క్యూఆర్ కోడ్ కూడా స్కాన్ అవుతోందంటే, తప్పును సరిదిద్దే అలాంటి కోడ్ అందులో ఉండటం వల్లే.

ఈ కథలో మన తెలుగువారికీ చోటుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు 1940లలో ఆర్థోగోనల్ ఆరేస్ అనే అమరికల మీద పరిశోధన చేశారు. ఆ అమరికలకూ తప్పులు సరిదిద్దే కోడ్‌లకూ దగ్గరి చుట్టరికం ఉందని తర్వాత తేలింది.

హామింగ్‌కు 1968లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1976లో బెల్ ల్యాబ్స్ వదిలి, కాలిఫోర్నియాలోని మాంటరేలో నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్‌లో టీచర్‌గా చేరారు. చివరిదాకా పాఠాలు చెబుతూనే ఉన్నారు. 1998 జనవరి 7న, 82 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

టీచర్‌గా నాకు ఈ జీవితంలో పనికొచ్చింది ఒకటుంది. ప్రోగ్రెస్ కార్డు మీద మొత్తం మార్కులు, ర్యాంకు ఆ పాత రిలే యంత్రం లాంటివి. ఎక్కడో తప్పు జరిగిందని చెబుతాయి, అంతే. 50కి 38 వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి భిన్నాలు రాకపోవచ్చు, ఇంకొకరు ప్రశ్న సరిగా చదవకపోవచ్చు. ఇద్దరినీ ఒకే ట్యూషన్‌కు పంపితే ఇద్దరి తప్పూ అలాగే ఉంటుంది. ఆ రెండు వారాల హామింగ్ లెక్కల్లాగే వాళ్ల చదువూ సగంలో ఆగిపోతుంది.

అందుకే ఈసారి ఎఫ్‌ఏ జవాబు పత్రాలు ఇంటికి వచ్చినప్పుడు, ముందు మొత్తం చూడకండి. పిల్లల పక్కన కూర్చుని, మార్కు పోయిన ప్రతి చోటా ఎందుకు పోయిందో ఒక్క మాటలో పెన్సిల్‌తో వాళ్లతోనే రాయించండి. తెలియదా, మరిచిపోయాడా, తొందరపడిందా, టైం చాలలేదా? ఆ కాగితాన్ని పేరెంట్ టీచర్ మీటింగ్‌కు తీసుకురండి. మనం అక్కడి నుంచి మాట్లాడుకుందాం.