సర్ హెన్రీ రాయిస్

రోల్సురాయిస్ కారును పేరుచేతనైన నెరుగనివారరుదు. ఆ పేరిటిలో రెండవ సగము మిగుల పేదరికమున పెరిగిన యొకనిది. హెన్రీ రాయిస్ 1863 లో ఇంగ్లండునందలి ఆల్వాల్టన్ గ్రామమున జన్మించెను. తండ్రి పిండిమరలో నష్టపడి లండను చేరి, కుమారుని తొమ్మిదవయేట గతించెను. బాలుడు వీథులలో పత్రికలమ్మెను, తంతివార్తలు పంచెను. బడిచదువు ఇంచుమించుగ ఒక యేడే. రైల్వే కర్మశాలలో పని నేర్వ జేరినను, సొమ్ము చాలక మూడేండ్లకే మానవలసివచ్చెను.

1912 లో జరిగిన శస్త్రచికిత్స పిమ్మట ఆయన రోగపీడితుడై, డర్బీ కర్మాగారమునకు దూరముగ సముద్రతీరమున నివసించుచు, అచ్చటినుండియే యంత్రముల పటములు పంపుచుండెను. విమానయంత్రమును నీటితో చల్లబరచుటకు పూర్వము ఒక్కొక్క సిలిండరునకు వేరుగ ఉక్కుతొడుగు నతుకుచుండిరి. 1927 నాటి కెస్ట్రెల్ యంత్రమున ఆరేసి సిలిండర్లను ఒకే అల్యూమినియపు దిమ్మెగ పోతపోసి, నీటిదారులను దానియందే యమర్చిరి. బరువు తగ్గెను, బిగువు హెచ్చెను. ఇందుకు దారి చూపినది అమెరికావారి కర్టిస్ యంత్రమని చెప్పుట న్యాయము; రాయిస్ కీర్తికి దానివలన లోటు లేదు.

1931 లో ఆయన 'ఆర్' యంత్రము 2,300 అశ్వశక్తికి మించి యిచ్చి, విమానమును గంటకు 407 మైళ్ల వేగమున నడపినది. ఆ పోటీకి ప్రభుత్వము ధనమియ్య నిరాకరింపగా, లేడీ హ్యూస్టన్ లక్ష పౌనులిచ్చెను.

1933 ఏప్రిలు 22 న రాయిస్ మరణించెను. ఆయన యారంభించిన పండ్రెండు సిలిండర్ల క్రొత్త యంత్రము అక్టోబరు 15 న తొలిసారి తిరిగెను. దానికి మెర్లిన్ అని పేరిడిరి. 1940 లో బ్రిటను నాకాశమున గాచిన హరికేను, స్పిట్‌ఫైరు విమానములను నడపినది అదియే.